గేమ్ ఓవర్ అనని గేమ్



పోయిన పేరెంట్ టీచర్ మీటింగ్‌లో నేను ఎక్కువసార్లు విన్నది మార్కుల గురించి కాదు. "మిస్, మీరైనా చెప్పండి, వీడు ఫోన్ వదలట్లేదు" అనే మాట. తప్పకుండా చెప్తాను. కానీ ఈ నెల మాత్రం మిమ్మల్నే ఒక గేమ్ ఆడమని అడుగుతున్నాను, అదీ పిల్లల పక్కన కూర్చుని. నవ్వుకున్నా పర్లేదు, పేజీ మాత్రం తిప్పేయకండి.

గేమ్ పేరు గ్రిస్. స్పానిష్‌లో ఆ మాటకు బూడిదరంగు అని అర్థం. స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఉన్న నోమాడా స్టూడియో దీన్ని తయారుచేసింది, 2018 డిసెంబర్‌లో విడుదలైంది. పెద్ద గేమ్ కంపెనీలో పనిచేసి బయటికొచ్చిన ఇద్దరు ప్రోగ్రామర్లు, కాన్రాడ్ రోసెట్ అనే చిత్రకారుడు కలిసి ఆ స్టూడియో పెట్టారు. రోసెట్ నీటిరంగులతో బొమ్మలు వేస్తాడు. అందుకేనేమో, ఈ గేమ్‌ను ఎక్కడ ఆపినా ఆ తెరను ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించుకోవచ్చు అనిపిస్తుంది.

ఇలాంటివాటిని పజిల్ ప్లాట్‌ఫారమ్ గేమ్‌లంటారు. ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి దూకుతూ పోవాలి, దారి మూసుకుపోయిన చోట అది ఎలా తెరుచుకుంటుందో కనిపెట్టాలి. మీలో చాలామంది చిన్నప్పుడు టీవీకి తగిలించుకుని ఆడిన మారియో ఈ కుటుంబంలో పెద్దవాడే. కాకపోతే మారియోలో తాబేలు తగిలితే ప్రాణం పోయేది, గుంటలో పడితే పోయేది, టైమ్ అయిపోయినా పోయేది. గ్రిస్‌లో ప్రాణం పోవడమే లేదు. టైమర్ లేదు, స్కోరు లేదు. గేమ్ ఓవర్ అనే మాట ఒక్కసారి కూడా తెర మీదికి రాదు.

మరి ఓడిపోయే భయం లేకపోతే ఆటలో మజా ఏముంది? నాకూ ముందు అదే అనుమానం వచ్చింది.

కథ ఇలా మొదలవుతుంది. ఒక పెద్ద రాతి విగ్రహం అరచేతిలో ఒక అమ్మాయి పాడుతూ ఉంటుంది. ఉన్నట్టుండి గొంతు పూడుకుపోతుంది. విగ్రహం ముక్కలై ఆమె కింద పడిపోతుంది. లోకంలో రంగులన్నీ పోతాయి. అప్పుడు మనం దూకే బటన్ నొక్కితే ఆ పిల్ల దూకదు, మోకాళ్ల మీద కూలబడుతుంది. మళ్లీ నొక్కినా అంతే. మన చేతిలో ఉన్నది ఒకటే, ఆమెను మెల్లగా నడిపించడం.

తర్వాత ఒక్కో రంగూ తిరిగి వస్తుంది. ముందు ఎరుపు. అక్కడంతా గాలిమరలు, దుమారం. గాలి వీచినప్పుడల్లా అమ్మాయిని వెనక్కి తోసేస్తుంది. కాసేపటికి ఆమె గౌనుకు రాతి దిమ్మెలా బరువెక్కే శక్తి వస్తుంది. గాలి కొట్టేటప్పుడు దిమ్మెలా ఆగాలి, తగ్గగానే నడవాలి. పజిల్ ఇంతే. కానీ ఈ సంగతి మాటల్లో ఎవరూ చెప్పరు. పిల్లలు ముందు గాలికి ఎదురు పరిగెడతారు. రెండు మూడుసార్లు వెనక్కి వచ్చి పడ్డాక ఆగి, గాలినే చూస్తారు. ఎంతసేపు వీస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అని.

ఆ ఆగి చూడటం కోసమే ఇదంతా రాస్తున్నాను. నేను ఇంగ్లిష్ చెప్తాను. పాసేజ్‌లో తెలియని పదం తగిలిన మరుక్షణం చెయ్యి లేస్తుంది, "మిస్, మీనింగ్?" అని. వాక్యం చివరిదాకా చదివితే సగం మంది వాళ్లంతట వాళ్లే చెప్పేయగలరు. చదవరు. ఎందుకంటే టెస్టుకు నలభై నిమిషాలు, పక్కవాడు అప్పటికే పేజీ తిప్పేశాడు. మాలాంటి స్కూళ్లలో వారం వారం టెస్టులు పెట్టేదీ, ర్యాంకులు బోర్డు మీద రాసేదీ మేమే కాబట్టి ఈ మాట మా పత్రికలోనే చెప్పడం న్యాయం అనుకుంటున్నాను. ఎక్కడైనా ఆగిపోతే పిల్లలకు సిగ్గుగా ఉంటోంది. ఈ గేమ్‌లో ఎవరూ చూడరు, ఎవరూ లెక్కపెట్టరు. అందుకే ఆగగలుగుతారు.

ఇంకో సంగతి ఉంది, చెప్పడానికి కొంచెం బరువైనది. గ్రిస్ అసలు కథ దుఃఖం. ఎవరినో పోగొట్టుకున్న అమ్మాయి కథ. దాన్ని మాటల్లో చెప్పరు, ఆడుతుంటే మనకే తెలుస్తుంది. ఏటా మా క్లాసుల్లో ఒకరిద్దరు పిల్లలు ఇంట్లో నానమ్మో తాతయ్యో, ఒక్కోసారి అంతకన్నా దగ్గరివాళ్లో పోయి, కర్మకాండ అయిన మర్నాడు స్కూలుకొస్తారు. మేము ఏమిస్తాం? రాసుకోవాల్సిన నోట్స్, మిస్సయిన టెస్టు, కవర్ చేయాల్సిన పోర్షన్. ఇంట్లో పెద్దవాళ్లేమో పిల్లల ముందు ఏడవకూడదని కళ్లు తుడుచుకుంటారు. అటూ ఇటూ ప్రేమే. మధ్యలో ఆ పిల్లకు మాత్రం దిగులుపడటానికి చోటుండదు. ఈ గేమ్ ఆ చోటు ఇస్తుంది. ఎరుపు తర్వాత ఆకుపచ్చ, తర్వాత నీలం, చివరికి పసుపు. నల్లటి పక్షి ఒకటి మధ్యలో వచ్చి అరిచి వెనక్కి నెడుతుంది, అయినా చంపదు. గొంతు తిరిగి వచ్చేసరికి ఆట చాలావరకు గడిచిపోతుంది. అంత ఆలస్యంగా రావడమే నాకు నచ్చింది. 2019లో ది గేమ్ అవార్డ్స్ వాళ్లు దీన్ని సమాజానికి మేలు చేసే గేమ్‌ల విభాగంలో ఎంపిక చేశారు.

ఇది మందు కాదు. వారాల తరబడి పిల్లలు సరిగ్గా తినకపోయినా, నిద్రపోకపోయినా, ఎవరితో మాట్లాడకపోయినా గేమ్ ఇవ్వకండి. డాక్టర్‌కో కౌన్సెలర్‌కో చూపించండి, క్లాస్ టీచర్‌కూ ఒక మాట చెప్పండి.

"ఇలా ఒక గేమ్ అలవాటు చేస్తే ఇంకో పది అడుగుతారు" అంటారా? న్యాయమైన భయమే. కానీ పిల్లలు వదలలేని గేమ్‌లు ఎలా ఉంటాయో గమనించండి. అవి ఉచితం, వాటికి ముగింపు ఉండదు. రోజూ వస్తేనే నాణేలు, రాకపోతే నష్టం, మధ్యలో ప్రకటనలు. గ్రిస్ మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. నిజంగానే అయిపోతుంది, నవల ముగిసినట్టు. ఒకసారి డబ్బు కట్టి కొనుక్కోవాలి, అంతే. స్మార్ట్‌ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఆడొచ్చు.

అందమైన గేమ్ అని కనిపించిన ప్రతిదాన్నీ మాత్రం చేతికివ్వకండి. 2010లో డెన్మార్క్ నుంచి వచ్చిన లింబో కూడా ఇదే రకం, నలుపు తెలుపుల్లో అద్భుతంగా ఉంటుంది. కానీ అందులో చిన్న పిల్లవాడు సాలీడుకు, రంపాలకు చిక్కి మళ్లీ మళ్లీ చనిపోతాడు. అది కాలేజీ పిల్లలకు.

హోమ్‌వర్క్ లేని శనివారం సాయంత్రం చూసుకోండి. ఫోన్ పిల్లల చేతిలోనే ఉండనివ్వండి. వాళ్లు ఆగిపోయినప్పుడు "ఇటివ్వు, నేను చేస్తా" అని చెయ్యి చాపకండి, అది మనకు చాలా కష్టం. అయిపోయాక "ఏం నేర్చుకున్నావు?" అని కూడా అడక్కండి. సంగీతం బార్సిలోనాకే చెందిన బెర్లినిస్ట్ బృందానిది, చాలా బాగుంటుంది. ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టి స్పీకర్‌లో పెట్టుకోండి, ఇద్దరూ వినొచ్చు.