నకిలీ విత్తనం అమ్మితే శిక్ష ఎంత? నష్టపోయిన రైతుకు దక్కేదెంత?

విత్తనం మొలవకపోయినా, మందు పనిచేయకపోయినా ముందుగా వినిపించే మాట 'కేసు పెట్టండి' అని. కేసు పెడితే అమ్మినవారికి ఎంత శిక్ష పడుతుందో, అందులో మీకు ఏం వస్తుందో తెలుసుకోండి.

విత్తనాలు: 1966 విత్తన చట్టం కింద మొదటి తప్పుకు గరిష్ఠ జరిమానా 500 రూపాయలే. ఒక బీటీ పత్తి ప్యాకెట్ ధర అంతకంటే ఎక్కువ. మళ్లీ దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

పురుగుమందులు: 1968 చట్టం ప్రకారం నాసిరకం మందు అమ్మితే మొదటిసారి 2 ఏళ్ల వరకు జైలు, లేదా 10,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా 75,000 రూపాయల వరకు.

ఎరువులు: ఎరువుల నియంత్రణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే నిత్యావసర సరుకుల చట్టం కింద 7 ఏళ్ల వరకు జైలు, జరిమానా కూడా.

అయితే ఈ జరిమానా ప్రభుత్వ ఖాతాకు పోతుంది, మీ చేతికి రాదు. పంట నష్టానికి పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. విత్తన చట్టం ఉన్నా రైతు అక్కడికి వెళ్లవచ్చని 2012లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ కేసులో నెగ్గింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే. విత్తనమంతా పొలంలో వేసేసిన రైతును 'పరీక్షకు నమూనా ఏది?' అని అడగడం సరికాదని కూడా కోర్టు భావించింది.

మీరు చేయాల్సినవి:

1. లాట్ నంబరు రాసిన బిల్లు తప్పక అడిగి తీసుకోండి.
2. ఖాళీ సంచి, ట్యాగు, వీలైతే గుప్పెడు గింజలు పంట ఇంటికొచ్చే దాకా దాచండి.
3. తేడా కనిపించగానే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్టు సంతకం తీసుకోండి. అధికారులు, శాస్త్రవేత్తలు చూసి నివేదిక రాసేదాకా పంట దున్నేయకండి. ఫొటోలు తీసి పెట్టుకోండి.
4. వినియోగదారుల కమిషన్‌లో 2 ఏళ్లలోపు కేసు వేయాలి. కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు.

బిల్లు లేకుండా పది రూపాయలు తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. రేపు మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.