పాట మనది, తెర ఎవురిది?

2024 డిసెంబరులో 'పుష్ప-2' వచ్చినప్పుడు మన చిత్తూరు పక్కోళ్లు నిండా మురిసిపోయినారు. మన యాస, మన గంగమ్మ జాతర దేశమంతా చూస్తా ఉందని. మురిసిపోవాల్సిందే, తప్పేం లేదు. అయితే ఒక మాట అడగాల. తిరపతి గంగమ్మ జాతరలో తరతరాలుగా వేషాలు కట్టేది కైకాల కుటుంబాలోళ్లు. సినిమాలో వేషం కట్టింది హీరో. వేషం తెరకెక్కింది సరే, వేషం కట్టేవాళ్లు యాడ?

ఈ ప్రశ్నకి రోంత జవాబు అమెరికాలో తీసిన ఒక పాటకచ్చేరీ సినిమాలో దొరకతాది. అరీతా ఫ్రాంక్లిన్ అని, సోల్ సంగీతానికే రాణి అనిపించుకున్న నల్లజాతి గాయని. 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక బాప్టిస్టు చర్చిలో రెండు రాత్రులు దేవుని పాటలు పాడింది. హాలీవుడ్ డైరెక్టరు సిడ్నీ పొలాక్ దాన్ని షూట్ చేసినాడు. సినిమా పేరు 'అమేజింగ్ గ్రేస్'.

కెమెరా అరీతా మొగం మీదనే నిలబడిపోదు. ఎనక కూర్చున్న క్వయర్ పాటకి తట్టుకోలేక లేచి నిలబడతాది. వాళ్లని నడిపించే అలెగ్జాండర్ హామిల్టన్ చేతులు కనిపిస్తాయి. బెంచీల మీద కండ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు కనిపిస్తారు. రోలింగ్ స్టోన్స్ మిక్ జాగర్ అంతటోడు ఆడ ఎనకాల జనంలో ఒకడు. మదనపల్లి చర్చిల్లో కీర్తనలు విన్నోళ్లకి ఆ సందడి కొత్తేం కాదు. వైవిధ్యం కోసమని ఎవుర్నీ తెచ్చి కూర్చోబెట్టలా. పాట ఎవురిదో వాళ్ల జాగాలో, వాళ్ల నడమనే తీసినారు.

అదే సినిమాకి ఇంగో కథ ఉండాది. క్లాప్ కొట్టకుండా తీసినందువల్ల బొమ్మకీ శబ్దానికీ జత కుదరక రీళ్లు దశాబ్దాలు మూలన పడినాయి. తీరా కుదిరినాక అరీతానే వద్దనింది. 2015లో టెల్లూరైడ్ ఫెస్టివల్లో వెయ్యబోతే కోర్టుకి పోయి ఆపించింది. 2018 ఆగస్టులో ఆమె పోయినాక, కుటుంబం ఒప్పుకుంటే గానీ అది బయటికి రాలా. మొగం చూపించేది వేరు, మాట చెల్లేది వేరు. ఆమెకి లాయర్లు ఉండారు, ఆపింది. మన పంబలోళ్లకి ఎవురుండారు?

2023 ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. ఆడినోళ్లలో మాత్రం మన పక్క మూలాలు ఉండేవాళ్లు లేరని దక్షిణాసియా కళాకారులు గొడవ చేసినారు. ఆ గొడవ న్యాయమే. మరి ఇంటికాడ మన సంగతేంది? అదే ఏడాది 'బలగం' చివర్లో బుడగజంగాల మొగిలయ్య, కొమురమ్మ సొంత మొగాలతో, సొంత గొంతులతో పాడి ఊర్లకి ఊర్లనే ఏడిపించినారు. పద్ధతంటే అదీ. కానీ కిడ్నీ జబ్బు పడిన మొగిలయ్య మందులకి ఇతరుల సాయం అడగాల్సొచ్చింది, 2024 డిసెంబరులో పోయినాడు. పద్మశ్రీ వచ్చిన కిన్నెర మొగులయ్య కూలిపనికి పోయిన సంగతీ 2024లో అందరూ చూసిందే. తెర మీద చోటు దొరికినంత మాత్రాన కూడు దొరకదు.

కుప్పం ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర గానీ, పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర గానీ, ఇప్పుడు యాడ చూసినా ఫోన్లు, డ్రోన్లు, యూట్యూబోళ్లే. వీడియో కింద ఛానెల్ పేరు ఉంటాది, స్పాన్సరు పేరు ఉంటాది. పంబ కొట్టినోడి పేరు మాత్రం వెతికినా దొరకదు.

కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉండాది, అందులో జానపదానికి శాఖే ఉండాది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసే జాగా అది. వచ్చే జాతరకి ఆ శాఖోళ్లు, ఆలయ కమిటీవాళ్లు కూర్చుని మూడు పనులు చేయొచ్చు. పంబ, తప్పెట కొట్టేవాళ్ల, వేషం కట్టేవాళ్ల పేర్లూ ఊర్లూ రాసి పెట్టాల. తీసేముందు వాళ్లని అడగాల. సినిమావోళ్లో టీవీవోళ్లో దుడ్లు కడితే అందులో వాళ్ల వాటా ఎంతో ముందే కాగితం మీద రాయాల.