సర్వపిండికి గట్టి పెరుగు పచ్చడి

మా అల్లాదుర్గ్‌లో ఎండాకాలం సెలవులకు ఆడబిడ్డలు, పిల్లలు దిగితే సాయంత్రాలు సర్వపిండి తప్పదు. ముక్కలు తుంచి అద్దుకోవడానికి ఈ పచ్చడి బాగుంటుంది.

అర లీటరు కమ్మటి పెరుగును జల్లెడలో పలుచటి బట్ట పరిచి పోసి, కింద గిన్నె ఉంచి, రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. బయట వేలాడదీస్తే ఈ ఎండలకు పులుస్తుంది. దిగిన నీళ్లు పారబోయకండి, పిండి తడపొచ్చు. రెండు పచ్చిమిరపకాయలు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు, గుప్పెడు కొత్తిమీర నూరి, తురిమి గట్టిగా పిండిన కీరదోసతో కలపాలి. పోపు చల్లారాకే వేయాలి.

ఉప్పు మాత్రం వడ్డించేటప్పుడే! ఓసారి పొద్దున్నే వేసేశాను. సాయంత్రానికి నీళ్లూరిపోయింది. చిన్నాడబిడ్డ గిన్నెలోకి చూసి, "వదినా, మజ్జిగచారు పెట్టినవా?" అంది. అందరూ నవ్వారు గానీ నాకు ముద్ద దిగలేదు.

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు నిజంగానే మజ్జిగచారు చేసేయండి.