ఆకుమడి

గోదావరి డెల్టాలో సార్వా సాగుకు తొలిమెట్టు ఆకుమడి. తొలకరి పలకరించి, ధవళేశ్వరం ఆనకట్ట నుండి కాలువలకు నీరు వదలగానే రైతు ముందుగా చూసుకొనేది ఆ కాస్త నేలనే. ఎకరాల కొద్దీ పొలం ఉన్నా అతని దృష్టి అంతా కొన్ని సెంట్ల ఆకుమడి మీదనే ఉంటుంది. నీరందక నారు నీరసించినా, అదను దాటి ముదిరినా, ఊడ్పుల తరువాత ఎంత ఎరువు చల్లినా దుబ్బు తగినన్ని పిలకలు వేయదని అతనికి తెలుసు. ఇది అతడు ఏ గ్రంథంలోనూ చదివిన విషయం కాదు. తరతరాల అనుభవం నేర్పిన పాఠం.

పైరు విషయంలో ఇంత మెలకువ చూపే సమాజం మనిషి విషయంలోనూ అంత మెలకువగా ఉన్నదా? “పసిబిడ్డకేం తెలుస్తుంది?” అన్న మాట వినిపించని ఇల్లు ఉండదు. తల్లి గర్భంలో ఉన్నప్పుడు, ఊయలలో ఉన్నప్పుడు జరిగినవేవీ ఎవరికీ గుర్తుండవు. గుర్తుండవు కనుక వాటి ప్రభావమూ ఉండదని లోకం భావిస్తుంది. ఈ భావన సరికాదని గత కొన్ని దశాబ్దాల పరిశోధనలు నిరూపిస్తున్నాయి. మనసు మరచిపోయిన దానిని కూడా శరీరం మరచిపోదని అవి చెబుతున్నాయి.

ఆపద ఎదురైనప్పుడు మెదడు హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. రక్తంలో చక్కెర పెరుగుతుంది, గుండె వేగం హెచ్చుతుంది, దేహం ఎదిరించడానికో పారిపోవడానికో సిద్ధమవుతుంది. ఆపద తొలగగానే ఈ సన్నాహమంతా సద్దుమణగాలి. అప్పుడప్పుడు కలిగే చిన్నపాటి ఒత్తిడి బిడ్డకు హాని చేయదు. ఆదరించే పెద్దలు పక్కన ఉంటే అది ఓర్పును నేర్పుతుంది కూడా. కాని ఆకలి, భయం, నిరాదరణ దినచర్యగా మారిన ఇంట్లో ఆ హెచ్చరిక ఆగదు. అప్పుడప్పుడే రూపుదిద్దుకొంటున్న మెదడు మీద కార్టిసాల్ ఎడతెగకుండా పనిచేస్తుంది. జ్ఞాపకానికి, అభ్యసనానికి ఆధారమైన హిప్పోకాంపస్, భయాన్ని పసిగట్టే అమిగ్డలా, ఆవేశాన్ని అదుపుచేసే ముందుభాగం, ఈ మూడూ దాని ప్రభావానికి లోనవుతాయి. గర్భస్థ శిశువుకు మావి కొంత రక్షణ ఇస్తుంది. తల్లి రక్తంలోని కార్టిసాల్‌ను చాలావరకు నిర్వీర్యం చేసే ఎంజైము అందులో ఉంది. అయితే తల్లి దుఃఖం, భయం హద్దు మీరితే ఆ కాపలా కూడా సడలవచ్చు.

ఈ ప్రభావం వంశపారంపర్యమా, పెంపకం వల్ల కలిగినదా అన్న సందేహం సహజం. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీనికి సమాధానం వెదికాయి. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను అదేపనిగా నాకుతూ సాకుతాయి. కొన్ని అంతగా పట్టించుకోవు. ఎక్కువ ఆదరణ పొందిన పిల్లలు పెద్దయ్యాక బెదురు లేకుండా మెలిగాయి. పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్లలను ఆదరించే తల్లి దగ్గర పెంచితే అవీ నిబ్బరంగా ఎదిగాయని 1999లో ఆ బృందం ప్రకటించింది. ఒత్తిడిని అణచడానికి తోడ్పడే ఒక జన్యువు దగ్గర, డీఎన్‌ఏ మీద ఉండే రసాయనిక గుర్తులు తల్లి లాలన వల్ల మారుతున్నాయని 2004లో తేల్చింది. జన్యువు మారలేదు, అది పనిచేసే తీరు మారింది.

ఇక జీవక్రియ సంగతి. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతాలకు ఆహారం అందలేదు. మనిషికి రోజుకు వెయ్యి కేలరీల తిండి కూడా దొరకని ఆ నెలల్లో తల్లి కడుపులో ఉన్నవారిని తరువాత పరిశోధకులు దశాబ్దాల పాటు పరీక్షించారు. నడివయసుకు వచ్చేసరికి వారి శరీరం చక్కెరను సక్రమంగా వినియోగించుకోలేకపోతున్నదని గమనించారు. తక్కువ బరువుతో పుట్టినవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ 1989లో చూపించాడు. కరువులో పెరిగిన పిండం రాబోయే కాలమంతా కరువేనని భావించి, దొరికిన ప్రతి మెతుకునూ దాచుకొనే పొదుపును అలవరచుకొంటుందని ఆయన వివరణ. ఆ బిడ్డ తరువాత సమృద్ధిలో పడితే, ఒకనాడు ప్రాణం నిలిపిన ఆ పొదుపే రోగానికి మూలమవుతుంది.

గోదావరి ప్రాంతానికి కరువు కొత్త కాదు, సమృద్ధీ కొత్త కాదు. 1830లలో ఈ సీమ క్షామంతో అల్లాడింది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852లో ఆనకట్ట పూర్తయ్యాక అన్నపూర్ణ అయింది. అటువంటి నేల మీద ఉభయ గోదావరి జిల్లాల గ్రామాలలో పరిశోధకులు జరిపిన సర్వేల ఫలితాలు 2006లో వెలువడ్డాయి. 45 గ్రామాలలో ఏడాది కాలంలో సంభవించిన మరణాలలో దాదాపు మూడోవంతుకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. 20 గ్రామాలలో ముప్పయి ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే నూటికి సుమారు పదముగ్గురికి మధుమేహం ఉన్నట్లు తేలింది. ఇది పల్లెల లెక్క, పట్నాలది కాదు. తిండిలో మార్పు, తగ్గిన శారీరక శ్రమ, పొగాకు మొదలైన కారణాలు ఇందుకు ఎన్నో ఉన్నాయి. ఆ కారణాల సరసన శైశవంలోని లేమిని కూడా చేర్చి ఆలోచించక తప్పదు. పాలేరు కుటుంబంలో, కూలివాని గుడిసెలో పుట్టిన బిడ్డకు చుట్టూ ఉన్న పచ్చదనం ఎప్పుడూ కంచంలోకి రాలేదు.

తొలినాటి పోషణ ఏమి చేయగలదో తెలుగు నేల మీదనే రుజువైంది. 1987-90 మధ్య హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలలో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఒక అధ్యయనం జరిపారు. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అమలులో ఉన్న 15 గ్రామాలలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు ప్రతిరోజూ ఉప్మా అందేది. పథకం ఇంకా చేరని 14 గ్రామాలలో అది లేదు. ఆ పిల్లలు పదమూడు నుండి పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చాక, 2003-05లో మళ్లీ పరీక్షించారు. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్ల పొడవు ఎక్కువ ఉన్నారు. వారి శరీరాలలో ఇన్సులిన్ మెరుగుగా పనిచేస్తున్నది. రక్తనాళాల బిరుసుదనం తక్కువగా ఉన్నది. గిన్నెడు ఉప్మా పదిహేనేళ్ల తరువాత కూడా రక్తనాళాలలో కనిపించిందంటే అది దానం కాదు, దేశం పెట్టిన పెట్టుబడి.

అన్నం ఒక్కటే చాలుతుందా? చాలదు. రుమేనియా అనాథాశ్రమాలలో తిండికి లోటు లేకపోయినా ఎత్తుకొనే చేతులు లేని బిడ్డల మీద 2000 సంవత్సరం నుండి బుకారెస్టులో ఒక అధ్యయనం సాగింది. రెండేళ్లు నిండకముందే పెంపుడు కుటుంబాలకు చేరిన పిల్లలు, ఆశ్రమంలోనే మిగిలినవారికంటే అనుబంధాలలోను, మెదడు వికాసంలోను స్పష్టంగా మెరుగుపడ్డారు. ఈ ఫలితాన్ని గోదావరి తీరానికి అన్వయించి చూడాలి. అప్పులు తీర్చడానికి కువైట్, దుబాయ్ వంటి చోట్ల ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులు కోనసీమలో, పరిసర మండలాలలో ఎందరో ఉన్నారు. పరాయి బిడ్డను ఎత్తుకొని లాలించే ఆ తల్లికి తన బిడ్డ ఫోనులో వినిపించే గొంతు మాత్రమే. ఇక్కడ అమ్మమ్మ చేతులే ఆ బిడ్డకు ప్రపంచం. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో వందల ప్రాణాలు తీసింది, కొబ్బరితోటలను నేలకూల్చింది. కూలిన చెట్లకు లెక్క కట్టారు. ఆ రాత్రి భయాన్ని మోసిన పసివారికి లెక్క కట్టినవారు లేరు. ఇవి చెప్పడం తల్లిని నిందించడానికి కాదు. ఆమెను ఊరు దాటించిన అప్పును, అండగా నిలవని సమాజాన్ని ప్రశ్నించడానికి.

బడిలో పరిస్థితి మరొక రకం. పాఠం మీద దృష్టి నిలవని పిల్లవాడిని మొద్దు అంటారు. చిన్న మాటకే తిరగబడేవాడిని పొగరుబోతు అంటారు. తాగి వచ్చే తండ్రి అడుగుల చప్పుడు కోసం రాత్రంతా చెవులు రిక్కించిన బిడ్డ మెదడు పొద్దున తరగతిలో కూడా ఆ చప్పుడునే వెదుకుతుందని గ్రహించేవారు తక్కువ. “మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెతను బెత్తానికి సమర్థనగా వాడుకోవడం పరిపాటి అయింది. కాని ఆ సామెతలో బెత్తం లేదు, మొక్క ఉంది. మొక్కను వంచేవాడు నీరు పోసి, ఆసరాగా కర్ర నిలిపి, మెల్లగా వంచుతాడు. విరిచేవాడు తోటమాలి కాడు.

అయితే తొలి దెబ్బ తగిలినవారి బతుకు అంతటితో ముగిసినట్లేనా? విజ్ఞానశాస్త్రం ఆ మాట అనలేదు. అది చెప్పేది ముప్పు పెరుగుతుందని మాత్రమే, విధి ఖాయమైందని కాదు. మెదడుకు మారే గుణం ఉంది. కౌమారంలో అది మరొకసారి విస్తృతంగా పునర్నిర్మాణం పొందుతుంది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేదరికంలో పెరిగారు. చిన్ననాడు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. మెట్రిక్యులేషన్‌లో మూడోసారికి గాని గట్టెక్కలేదు. సోదరులు సంగ్రహణి వ్యాధికి బలి అయ్యారు. తల్లి వెంకమ్మ పట్టుదల ఆయనను చదువు బాటలో నిలబెట్టింది. తరువాత అమెరికాలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. నేడు గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది అదే. పిండం మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడడానికి తోడ్పడేదీ అదే. కష్టాల బాల్యం గడిపిన గోదావరి బిడ్డ కృషి ఇంకా పుట్టని బిడ్డలకు రక్ష అయింది. అయినా అటువంటివారిని చూపి కష్టాలే మనిషిని తీర్చిదిద్దుతాయనడం పొరపాటు. ఆయనను నిలిపింది కష్టం కాదు, కష్టంలో వదలని తల్లి చేయి.

ఈ సత్యం పురాణకర్తలకు తెలియనిది కాదు. ప్రహ్లాదుని చరిత్రలో నారాయణ భక్తిని అందరూ స్మరిస్తారు. అతని తల్లి లీలావతిని మాత్రం మరచిపోతారు. భర్త తపస్సుకు వెళ్లిన వేళ, నిండు గర్భిణిని శత్రువు చెరపట్టి తీసుకుపోతుండగా నారదుడు అడ్డుపడి, తన ఆశ్రమంలో ఆశ్రయమిచ్చాడు. ఆమె శత్రువు భార్య అని అతడు చూడలేదు. ఆమె గర్భవతి అన్నది చూశాడు. ప్రహ్లాదుని ధైర్యానికి బీజం ఉపదేశంలో ఎంత ఉందో, భయం తీరిన ఆ తల్లి గుండెలో అంతే ఉంది.

ఆ ఆశ్రమాన్ని నేడు ఎవరు నిర్మించాలి? అంగన్‌వాడీలో గుడ్డు, పాలు సక్రమంగా అందేలా చూడడం ప్రభుత్వం వంతు. గర్భిణి ముందు గొంతు పెంచకపోవడం, ఆమె పనిలో పాలు పంచుకోవడం భర్త వంతు. వలస వెళ్లిన తల్లుల పిల్లలను కనిపెట్టి ఉండడం ఊరి వంతు, బడి వంతు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుండి ఇరవైనాలుగేళ్ల స్త్రీలలో సుమారు 29 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లి జరిగింది. తన ఎదుగుదలే పూర్తికాని బాలిక మరొక ప్రాణాన్ని మోయడమంటే ఒకేసారి రెండు జీవితాలకు ఒత్తిడి. ఆ పెళ్లిని కాదనడం కళాశాలలో చదివే యువతీయువకుల వంతు.

నేటి విద్యార్థులే రేపటి తల్లిదండ్రులు. కోతల వేళ పంటను చూసి మెచ్చుకొనేవారు ఎందరైనా ఉంటారు; ఆకుమడి గట్టు మీద నిలబడి నీరు అందిందో లేదో చూసేవాడే రైతు. ఆ చూపు ప్రతి ఊయల మీదా ప్రసరించిన నాడు ఈ డెల్టా నిజంగా అన్నపూర్ణ అవుతుంది.