లూలూ, మర్జాన్ పక్కన మనిషి పేరు కూడా రాయండి

ఏర్వాడి దర్గా జియారత్‌కో, రామేశ్వరంలో కలాం సాహెబ్ మజార్‌కో పిల్లల్ని తీసుకెళ్లే తెలుగు ముస్లిం కుటుంబాలు తక్కువేం కాదు. ఆ దారిలో మనకు కనిపించేది మన్నార్ సింధుశాఖ. అందులో 1986లో ఏర్పడిన సముద్ర జాతీయ పార్కు ఉంది. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 560 చదరపు కిలోమీటర్లు, 21 దీవులు, వందకు పైగా రకాల పగడాలు, సముద్రపు గడ్డి మేసే డుగాంగులు. దీవుల మీద మనల్ని ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వరు, తిరగనివ్వకూడదు కూడా. అంటే మామూలు కుటుంబానికి ఈ పార్కు ఏమిటో చెప్పాల్సింది సందర్శక కేంద్రమే.

మన దేశంలో ఇలాంటి కేంద్రాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. సీసాలో నానబెట్టిన చేప, గాజు పెట్టెలో పగడపు ముక్క, గోడ మీద జంతువుల బొమ్మలు, చివర్లో ‘చేయకూడనివి’ అని ఒక బోర్డు. ఆ బోర్డులో తప్ప మనిషి ఎక్కడా కనిపించడు. కనిపించినా ముజ్రిమ్‌గానే కనిపిస్తాడు. వీటిని తిరిగి తీర్చిదిద్దే రోజు వస్తే ముందు మార్చాల్సింది ఇదే అని నా రాయ్.

సూరే రహమాన్‌లో లూలూ, మర్జాన్ అనే రెండు మాటలు వస్తాయి. ముత్యం, పగడం. రెండూ ఈ సమందర్‌లో ఉన్నవే. అరబ్బు తాజిర్లు ఈ తీరాన్ని మాబర్ అనేవారు. ఇక్కడి ముత్యాల కోసం ఊపిరి బిగబట్టి దూకినవాళ్లలో పరవలు ఉన్నారు, కీళక్కరై వైపు ముస్లింలు ఉన్నారు. 17వ శతాబ్దపు కీళక్కరై సౌదాగర్ సీతక్కాది పేరు తమిళనాడులో సఖావత్‌కు మారుపేరు. కలాం సాహెబ్ వాలిద్ జైనులాబ్దీన్ రామేశ్వరం, ధనుష్కోటి మధ్య యాత్రికులను పడవలో చేరవేసేవారు. ఆ పడవను తుఫాను మింగేసింది. 1964 డిసెంబరులో మరో తుఫాను ధనుష్కోటినే తుడిచిపెట్టింది. ఈ విరాసత్ లేకుండా ఈ సముద్రం కథ అధూరానే.

ఇది ఒక్క మన ఖౌమ్ గొప్ప కోసం చెబుతున్న మాట కాదు. పాంబన్ చుట్టుపక్కల పల్లెల్లో నాచు కోసే ఆడవాళ్లను చూడండి. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని, నీళ్లలో మునిగి, రాళ్ల మధ్య నుంచి నాచు పీకుతారు. ఆ నాచు నుంచే అగర్ తీస్తారు. రంజాన్‌లో మనం పాలల్లో ఉడికించి చల్లారబెట్టుకునే చైనా గ్రాస్ అగరే. పార్కు కట్టుబాట్లు బిగిశాక వాళ్ల రోజీకి పెద్ద దెబ్బ తగిలింది. అయినా నెలలో కొన్ని రోజులే కోయాలని వాళ్లే తమలో తాము నియమం పెట్టుకున్నారు. వాళ్లలో ఒకరైన చిన్నపాలెం లక్ష్మికి 2015లో సీకాలజీ బహుమతి వచ్చింది. పగడం పేరు లాటిన్‌లో రాసే గోడ మీద ఈ మెహనత్‌కు జాగా లేకపోతే ఇన్సాఫ్ ఎక్కడుంది?

‘పార్కు జంతువుల కోసం, మనుషుల కథకు వేరే మ్యూజియం కట్టుకోండి’ అనేవాళ్లున్నారు. ఆ వాదన నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పడవవాణ్ని చోర్‌గా మాత్రమే చూసి ఇంటికెళ్లే పిల్లవాడు సముద్రాన్ని సగమే అర్థం చేసుకుంటాడు. తమ పేరు లేని చోటును ఊరివాళ్లు తమదిగా కాపాడరు. చట్టాన్ని సడలించమని నేను అనడం లేదు. నష్టాన్ని దాచమని అసలే అనను. సున్నానికీ కట్టడాలకూ దశాబ్దాల పాటు పగడాలు తవ్వారు. 21 దీవుల్లో రెండు, పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి, ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. పగడాల తవ్వకం దానికి ఒక సబబు. 2001లో పగడాలనూ సముద్ర దోసకాయలనూ వన్యప్రాణి చట్టం కిందికి తెచ్చారు. ఇదంతా సాఫ్‌గా చెప్పాలి. ఎవరు తవ్వారన్నదే కాదు, ఎవరి ఇళ్ల కోసం, ఎవరి కర్మాగారాల కోసం తవ్వారన్నదీ చెప్పాలి.

నా మష్వరా ఇది. చచ్చిన పగడాన్ని గాజు పెట్టెలోంచి తీసేయండి, అది పిల్లల్లో ‘నాకూ ఒకటి కావాలి’ అనే ఆశే పెంచుతుంది. దాని బదులు బతికున్న పగడం వీడియో, చేత్తో తడిమి చూసే నమూనా పెట్టండి. నేల మీద పెద్ద నక్షా గీసి, మునిగిన రెండు దీవుల జాగా ఖాళీగా వదలండి. నాచు కోసే అమ్మ గొంతు, ముసలి జాలరి గొంతు వాళ్ల మాటల్లోనే వినిపించండి. ఏం పెట్టాలో తేల్చే కమిటీలో వాళ్లనూ కూర్చోబెట్టండి. రామేశ్వరానికి ఇంతమంది తెలుగువాళ్లు వెళ్తున్నారు కాబట్టి తమిళం, ఇంగ్లీషు పక్కన తెలుగు బోర్డు కూడా ఉండాలి.

కుద్రత్ మనకు అమానత్ అని మన పిల్లలకు చెబుతాం. అమానత్ అంటే వస్తువు ఒక్కటే కాదు, దాన్ని మోసిన చేతులు కూడా. రేపు మన కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల దగ్గరైనా అడగాల్సిన సవాల్ ఇదే: పక్షి పేరు రాశారు, బాగుంది. ఆ నీళ్లలో వల వేసేవాడి పేరేది?