ఒకే పాట, నాలుగు దారులు

యేసుదాసు చేత మొట్టమొదటి సినిమా పాట పాడించిన సంగీత దర్శకుడు చిత్తూరులో పుట్టాడంటే మన దగ్గర చాలామంది ఆశ్చర్యపోతారు. ఎం.బి. శ్రీనివాసన్ 1925లో అక్కడ పుట్టారు. మలయాళీలు ఆయన్ని ఎంబీఎస్ అని పిలుచుకుంటారు. 1961లో ‘కాల్పాడుకళ్’ చిత్రం కోసం ఆయన స్వరకల్పనలోనే యేసుదాసు గొంతు తొలిసారి రికార్డయింది. సినిమాల్లో ఎంత పేరొచ్చినా, ఎంబీఎస్ పట్టుబట్టి పెంచుకున్నది వేరే ఉంది. 1970ల మొదట్లో ఆయన నిలబెట్టిన మద్రాస్ యూత్ క్వయర్ అది. పాటే వృత్తి కానివాళ్లు, వేర్వేరు ఇళ్లలో వేర్వేరు భాషలు మాట్లాడుకునేవాళ్లు, సాయంత్రం ఒకచోట చేరి పలు భారతీయ భాషల్లో పాడే బృందం. ఆయన 1988లో లక్షద్వీప్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత కూడా బృందం పాడుతూనే వచ్చింది.

మనకు బృందగానం కొత్తా అని అడగవచ్చు. భజన గోష్ఠి ఉంది, కోలాటం ఉంది, బతుకమ్మ ఉంది. తిరువాయూరులో త్యాగరాజ ఆరాధన నాడు వందల గొంతులు పంచరత్నాలు అందుకుంటాయి. ఆ అయిదింటిలో నాట రాగ కృతి సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు కూర్చుని కావేరి ఒడ్డున తెలుగు పాడతారు. ఏ ప్రభుత్వ పథకమూ లేకుండా ఒక భాష మరో భాషవాళ్ల నోట ఇంత స్థిరంగా నిలిచిన సందర్భాలు అరుదు. ఆ దృశ్యం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

కానీ అక్కడ అందరూ పాడేది ఒకే వరస. వేర్వేరు గొంతులు వేర్వేరు వరసల్లో ఒకే పాట పాడలేవా అన్న ఎంబీఎస్ ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

మన కచేరీ సంగీతం ఒక గొంతును నమ్ముకుని పెరిగింది. శ్రుతి పెట్టుకునేది ఆ గొంతును బట్టే. మగవాళ్లకు ఒకటి శ్రుతి ప్రాంతం హాయి, ఆడవాళ్లకు అయిదు శ్రుతి ప్రాంతం. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి ఒకే వరస పాడమంటే ఎవరో ఒకరు సర్దుకోవాల్సిందే. మంద్రంలో ఆడవాళ్ల మాట వినిపించదు, తారస్థాయిలో మగవాళ్ల గొంతు బిగుసుకుంటుంది. ఇది పాడేవాళ్ల లోపం కాదు, పాట కట్టిన తీరులో ఉన్న ఇబ్బంది. చర్చిలో క్వయర్ చూసినవాళ్లకు దీనికి ఇంకో పద్ధతి ఉందని తెలుసు. సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని గొంతుల్ని నాలుగుగా విడదీసి, ఏ గొంతుకు ఏది వీలో ఆ వరసే దానికి రాస్తారు. నాలుగు దారులు, ఒకే పాట. ఎవరూ తమ గొంతును మరొకరి కొలతకు కత్తిరించుకోనక్కర్లేదు.

ఆ పద్ధతిని తెచ్చి మన రాగం మీద అతికిస్తే చాలదు. గమకం దగ్గరే చిక్కు. తోడిలో గాంధారాన్ని ఊపకుండా నిలబెడితే అది తోడే కాదు. అది ఊగుతున్నప్పుడు పక్కనే రెండో గొంతు ఇంకో స్వరాన్ని గట్టిగా పట్టుకుంటే రెండూ కలగాపులగమవుతాయి. మోహనం అలా కాదు. అందులో అరమెట్టు దూరంలో ఉండే స్వరాల జంట ఒక్కటీ లేదు గనక రెండు మూడు వరసలు పక్కపక్కన నడిచినా ఒకదాన్నొకటి ఒరుసుకోవు. జానపద వరసల్లో చాలావాటికి ఈ వెసులుబాటు ఉంది. గమకాన్ని ఏ గొంతుకు వదలాలి, మిగతా గొంతులు ఎక్కడ ఆధారంగా నిలవాలి, ఎక్కడ మౌనం పాటించాలి అన్నది పాట పాటకీ కొత్తగా తేల్చుకోవాలి. అందుకే బృందగానానికి పాత పాటల పెట్టె సరిపోదు, కొత్త రచన కావాలి. ఎంబీఎస్ చేసిన పని అదే. సుబ్రహ్మణ్య భారతి వంటి కవుల మాటలు తీసుకుని బృందం కోసమే స్వరాలు కట్టారు.

ఆయన ఒంటరి కాదు. భారతీయ ప్రజా నాటక సంఘం (ఇప్టా) 1943లో పుట్టింది. ఆ ఉద్యమం నుంచి వచ్చిన సలిల్ చౌధురి బొంబాయిలో యూత్ క్వయర్ పెట్టారు. 1958లో రుమా గుహ ఠాకుర్తా కలకత్తా యూత్ క్వయర్‌ను మొదలుపెట్టారు. అదే గాలి తెలుగునేల మీద ప్రజానాట్యమండలిగా వీచింది. గరికపాటి రాజారావు, బుర్రకథ నాజర్ ఊరూరా జనాన్ని కదిలించారు. మరి మద్రాసులో, కలకత్తాలో పలు గొంతుల బృందగానం ఒక సంప్రదాయంగా వేళ్లూనుకుంటే, అంత ఉద్యమం నడిచిన మన దగ్గర అలా ఎందుకు జరగలేదు? నాకు తోచిన జవాబు ఇది. మనం పాటను నినాదానికి దగ్గరగా ఉంచాం. నినాదానికి అందరూ ఒకే మాట, ఒకే వరస అందుకోవడమే బలం. ఆ బలం నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. కాకపోతే అక్కడే ఆగిపోయాం.

విచిత్రమేమిటంటే విత్తనం మన దగ్గరే ఉంది. బుర్రకథ జాగ్రత్తగా వినండి. కథకుడి చరణం పూర్తిగా ముగియకముందే వంతలు అందుకుంటారు. ఒక్క క్షణం రెండు వరసలు ఒకదానిపై ఒకటి పడతాయి. ఒగ్గుకథలోనూ అంతే. ఆ ఒక్క క్షణాన్ని ఎనిమిది ఆవర్తాలకు సాగదీసే రచయిత దొరికితే, ఏ యూరప్ పద్ధతినీ అరువు తెచ్చుకోకుండానే తెలుగులో పలు గొంతుల పాట పుడుతుంది.

మన వ్యవస్థలు మాత్రం దీన్ని గుర్తించడం లేదు. విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల్లో బృందగానం పోటీలకు రెండు విభాగాలు: భారతీయం, పాశ్చాత్యం. ఈ గీత గీసిన క్షణమే వేర్వేరు వరసలు కలిపి పాడటం పరాయిది, అందరూ ఒకే వరస పాడటం మనది అన్న భావం పిల్లల్లో నాటుకుపోతుంది. బడుల్లోనూ లోటుంది. 1980ల్లో ఎన్‌సీఈఆర్‌టీ సమూహగాన కార్యక్రమం కింద ఉపాధ్యాయులకు పలు భాషల పాటలు నేర్పింది. ఎంబీఎస్ కూడా అందులో పాలుపంచుకున్నారు. మంచి పని. అయితే జెండా పండుగ నాడు అయిదు భాషల్లో అయిదు పాటలు కంఠతా పాడించి, మర్నాడు మరిచిపోతే దాన్ని వైవిధ్యం అనలేను. ఇంకొకరి భాష నోట్లో ఇమిడే దాకా కష్టపడాలి. తమిళ, మలయాళాల్లోని ‘ఴ’ పలకడానికి తెలుగు నాలుక తడబడుతుంది. అదే అక్షరం రేనాటి చోళుల శాసనాల్లో ఉంది, మన పూర్వులు పలికిందే. ఒక బృందంలో పక్కన నిలబడ్డ మలయాళీని అడిగి, పదిసార్లు తప్పుపలికి, పదకొండోసారి సరిచేసుకున్నప్పుడు ఆ భాష మీద కలిగే గౌరవం పాఠ్యపుస్తకం ఇవ్వలేదు.

మన రెండు రాష్ట్రాల్లో గోండి, కోయ, కొలామి, సవర, లంబాడీ, ఉర్దూ గొంతులున్నాయి. వేదిక మీద వాళ్ల నృత్యానికి చోటిస్తాం, పాటకు ఇవ్వం. లంబాడీ పాటను హైదరాబాదు బృందం ఒకటి తీసుకుంటే ఆ తండా మనిషి బృందంలో నిలబడి ఉండాలి, ఏ వరస కదపవచ్చో ఏది కదపకూడదో చెప్పే హక్కు ఆ మనిషికే ఉండాలి. అలా కాకపోతే అది అపహరణ అవుతుంది.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. సినిమా పాట కట్టినవాడికి పారితోషికం ఉంది, బృందగానం రాసేవాడికి చప్పట్లే. సినీ సంగీత కళాకారుల సంఘం కట్టడానికి నడుం బిగించిన ఎంబీఎస్‌కు కళాకారుడి కూలి విలువ బాగా తెలుసు. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. అలాంటి చోట్ల గాత్రం, వీణ, వయొలిన్, మృదంగాలతో పాటు బృందగాన రచనకూ ఒక చోటు కల్పించి, ఏటా రెండు మూడు కొత్త రచనలకు డబ్బిచ్చి రాయించాలి. రాసింది విని సరిదిద్దుకోవడానికి ముప్పై గొంతుల బృందం ఒకటి రచయితకు అందుబాటులో ఉండాలి. కాగితం మీద బాగున్న వరస గొంతుల్లో కుదరకపోవచ్చు. అది విన్నాక గానీ తెలియదు.

ఎంబీఎస్ పుట్టి 2025కు నూరేళ్లు. విగ్రహం పెట్టమని అడగను. తెలుగు, తమిళం, ఉర్దూ ఒకే బజారులో వినిపించే ఊరు చిత్తూరు, కన్నడం కూడా దూరం కాదు. ఆ ఊరి గొంతుల కోసం, ఆ భాషల్లోనే, ఒక్క కొత్త పాట ఎవరైనా రాయాలి. పాడటానికి బడిపిల్లలు, పంతుళ్లు, చర్చి క్వయర్‌వాళ్లు, భజన మందిరం వాళ్లు అక్కడే ఉన్నారు.