గేమింగ్ కంప్యూటరు: పెట్టె లోపలి సంగతులు

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ముందు ఉదయంపూట కాసేపు నిలబడి చూచిన వానికి, మన ప్రాంతపు యువకులందరూ పోటీ పరీక్షల కొరకే పుట్టినారేమో అనిపిస్తుంది. అశోక్‌నగర్ సందులలో ఏ దుకాణం చూచినా గ్రూప్స్ పుస్తకాలే, ఏ గోడ చూచినా కోచింగు ప్రకటనలే. కాని ఆ యువకులలో చాలామంది రాత్రి పది దాటిన తరువాత పుస్తకం మూసి మరొక విషయం మీద గంటల తరబడి వాదించుకుంటారన్న సంగతి పెద్దలకు తెలియదు. ఏ ప్రాసెసరు మంచిది, ఏ గ్రాఫిక్ కార్డు కొనవలె, పాతది కొంటే నష్టమా అన్నదే ఆ వాదం. గడచిన సంవత్సరం మన కళాశాల ఆవరణలో నా చెవిన పడిన మాటలలో సగం ఇవే. కనుక వార్షిక సంచికలో ఈ విషయం వ్రాయుట అప్రస్తుతం కాదని తలుస్తున్నాను.

ముందుగా పెద్దల అపోహ ఒకటి తొలగవలసి ఉన్నది. గేమింగ్ అనగానే వారికి పేక, పందెం, అప్పులు గుర్తుకు వస్తాయి. వారి భయం నిరాధారం కాదు. సొమ్ము పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ఎన్ని ఇళ్ళు కూల్చినవో మనం చూచినాము. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2017లో అట్టి ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. అయితే ఆ చట్టమే ఇ-స్పోర్ట్స్‌ను వేరు చేసి, పోటీ క్రీడగా గుర్తించింది. 2023లో హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ ఆటలకు పతకాలు కూడా ఇచ్చినారు. జూదం వేరు, ఆట వేరు. ఇంత చెప్పి ఈ ప్రస్తావన ముగిస్తాను. ఏలనగా నా అసలు బాధ నీతిని గూర్చినది కాదు, డబ్బును గూర్చినది.

మాది బర్కత్‌పుర. నాన్నగారు ఒక ముద్రణాలయంలో బైండింగు పని చేస్తారు. రెండేండ్ల క్రిందట అమ్మ ఎత్తిన చీటీ సొమ్ము అరవై వేల రూపాయలు మా తమ్ముని చేతికి వచ్చినవి. వాడికి ఆటల పిచ్చి ఉన్నమాట నిజమే గాని, బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో బొమ్మలకు ప్రాణం పోయుట నేర్చుకుంటున్నాడన్నదీ నిజమే. ఆటకు పనికివచ్చే గ్రాఫిక్ కార్డే ఆ పనికీ ఆధారం. అందుచేత ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. వాడు నాలుగు రంగుల ఫ్యాన్లు, ముందువైపు అద్దం గల ఒక కేబినెట్టును మోజుపడి కొన్నాడు. అందులో రైజెన్ 5 5600 ప్రాసెసరు, ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు. ఎంపిక మంచిదే. కాని డబ్బు వాటి దగ్గరనే అయిపోయింది. విద్యుత్తు నందించే ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం కేబినెట్టుతోపాటు దాదాపు ఉచితంగా వచ్చినది. దాని మీద పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ముద్రించి ఉన్నది. "బిల్లు కావాలంటే పద్దెనిమిది శాతం ఎక్కువ అవుతది భాయ్" అని దుకాణదారు అనగా, వాడు కచ్చా చీటీతోనే ఇంటికి వచ్చినాడు. ఆ దుకాణం పేరు ఇక్కడ అనవసరం.

మే నెలలో ఒకనాటి మధ్యాహ్నం కరెంటు పోయింది. తిరిగి వచ్చిన క్షణంలో పెట్టె లోపల చిటుక్కుమన్నది. గది నిండా కాలిన వాసన. ఎస్.ఎం.పి.ఎస్.తోపాటు మదర్‌బోర్డూ, గ్రాఫిక్ కార్డూ పోయినవి. కార్డుకు మూడు సంవత్సరాల వారంటీ ఉన్నదిగదా అని తీసుకొని వెళ్తే, బిల్లు ఏది అన్నారు. పన్ను మిగుల్చుకున్న ఆ కొద్దివేలు ఆనాడు మాకు చాలా ఖరీదు పడినవి. అమ్మ ఒక్కమాట కూడా అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

తరువాత ఆ కాలిన డబ్బాను త్రిప్పి, లేబులు మీది చిన్న అక్షరాలు చదివినాను. నిజానికి ఈ వ్యాసం పుట్టినది అక్కడే. ప్రాసెసరు, కార్డు ఈ రెండూ 12 వోల్టుల తీగ నుండే బలం తీసుకుంటాయి. ఆ తీగకు లేబులులో చూపిన ప్రవాహం 16 ఆంపియర్లు. పన్నెండును పదహారుతో గుణిస్తే 192 వాట్లు. ఆ కార్డు ఒక్కటే పూర్తి పనిలో 170 వాట్లు తాగుతుంది. ప్రాసెసరుకు తయారీదారులు చెప్పిన లెక్క 65. రెండూ కలిస్తే 235. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగల ఈ గుణకారం డిగ్రీ చదువుతున్న అన్నదమ్ములం ఇద్దరం చేయలేదు! మంచి సంస్థ తయారుచేసిన 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్.లో అదే తీగ మీద సుమారు 45 ఆంపియర్లు ఉంటాయి. కనుక దుకాణంలో పెద్ద అంకె చూడకండి. డబ్బాను త్రిప్పి 12 వోల్టుల గడి చూడండి. '80 ప్లస్' అనే ముద్ర కూడా ఎంత విద్యుత్తు వేడిగా వృథా అవుతున్నదో చెప్పునేగాని, లోపలి రక్షణ ఏర్పాట్లకు అది హామీ కాదు.

దీనికి తోడు యు.పి.ఎస్. సంగతి. మన ఇళ్ళలో సాధారణంగా కనబడే 600 వి.ఏ. యు.పి.ఎస్. ఇవ్వగలిగినది 360 వాట్లకు మించదు. ఆట మంచి పట్టులో ఉండగా కరెంటు పోతే, మానిటరు భారం కూడా కలిసి అది కీచుమని ఆగిపోవచ్చును. ఇక్కడనే కార్డు ఎంపికలో ఒక మెలిక ఉన్నది. 2021లో వచ్చిన 3060లో జ్ఞాపకశక్తి 12 జి.బి.; 2023లో వచ్చిన 4060లో 8 జి.బి. మాత్రమే, కాని అది 115 వాట్లతోనే సరిపెట్టుకుంటుంది. బ్లెండరు పని ఎక్కువగా చేసేవానికి మొదటిదాని జ్ఞాపకశక్తి ఉపకరిస్తుంది. చిన్న గదిలో, చిన్న యు.పి.ఎస్. మీద, వేసవిలో ఆడుకునేవానికి రెండవది సుఖం. ఏది గొప్పది అని అడుగుట కన్న, నా ఇంటి కరెంటుకు ఏది సరిపోతుంది అని అడుగుట మేలు. ఈ ప్రశ్న విదేశపు వీడియోలలో వినబడదు. అక్కడివారికి మన మే నెల తెలియదు గదా!

అదే కారణం చేత అద్దపు ముఖం గల కేబినెట్టు మనకు తగదని నా దృఢమైన అభిప్రాయం. బయట నలభై డిగ్రీలు దాటినప్పుడు, పెట్టె ముందుభాగం జల్లెడవలె ఉండి గాలి లోపలికి రావలె. దుమ్ము కూడా వస్తుంది. నెలకొకసారి కుంచెతో దులుపుకొనవలె. రంగుల దీపాలు ఆటను ఒక్క క్షణమైనా వేగపరచవు.

డబ్బు తక్కువగా ఉన్న విద్యార్థికి మరొక మార్గం ఉన్నది. 'జి' అక్షరంతో ముగిసే రైజెన్ ప్రాసెసర్లలో, ఉదాహరణకు 2021 నాటి 5600జి లోను, 2024 నాటి 8600జి లోను, బొమ్మ చూపే శక్తి లోపలనే అమర్చి ఉంటుంది. కార్డు లేకుండానే ఆరంభించి, వాలొరాంట్ వంటి తేలిక ఆటలు ఆడుకుంటూ, చదువుకుంటూ, తరువాతి సంవత్సరం కార్డు కొనుక్కొనవచ్చు. 5600జిలో క్యాష్ జ్ఞాపకశక్తి 5600లో ఉన్నదానికి సగమే గనుక, తరువాత పెద్ద కార్డు తగిలించినప్పుడు కొంత వెనుకబడుతుంది; అయినను చీటీ సొమ్ము మొత్తం ఒకనాడే ధారపోయుట కంటె ఇది నయం. అక్షరాలను మాత్రం జాగ్రత్తగా చదవవలె. 'జి' లేని 5600నూ, 'ఎఫ్' అక్షరం గల ఇంటెల్ ప్రాసెసర్లనూ కార్డు లేకుండా కొన్నవారికి మానిటరు మీద చీకటి తప్ప మరేమీ కనబడదు.

మదర్‌బోర్డు విషయంలో సాకెట్ అనే మాట గుర్తుంచుకొంటే చాలు. ఎ.ఎం.4 సాకెట్ 2016 నుండి ఉన్నది, దానికి డి.డి.ఆర్.4 ర్యామ్. 2022లో వచ్చిన ఎ.ఎం.5కు డి.డి.ఆర్.5 మాత్రమే. ఒకదాని ర్యామ్ మరొకదానిలో దూరదు. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వలన ర్యామ్ ధరలు పెరుగుట చూచినవారికి, ఇంట్లో ఉన్న పాత ర్యామ్ పనికివచ్చే మార్గం ఎంచుకొనుటలోని లాభం వేరుగా చెప్పనక్కరలేదు. 16 జి.బి. ఒకే పలకగా కాక, ఎనిమిదేసి జి.బి.ల రెండు పలకలుగా కొనవలె. లోపలి గ్రాఫిక్స్ మీద ఆధారపడేవారికి ఈ తేడా కంటికి కనబడుతుంది.

సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరును మనవారు సి.టి.సి. అంటారు. 2020 ఫిబ్రవరి నుండి చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగవచ్చు, ప్రయాణం సులువు. ఒక్క దుకాణంలో అన్నీ కొనకుండా, మొదటిరోజు ధరలు వ్రాసుకొని ఇంటికి తిరిగిరండి. రెండవనాడు వెళ్ళి బేరం చేయండి. ప్రతి వస్తువు మీది సీరియల్ నంబరు జి.ఎస్.టి. బిల్లులో ఉండవలె. పాత కార్డులు చవకగా వస్తాయి. 2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మారి, ఆ నాణెం కొరకు రాత్రింబవళ్ళు పనిచేసిన కార్డులెన్నో విడిచిపెట్టబడినవి. అట్టివన్నీ చెడ్డవని అనను, కాని అరగంటసేపు మీ ఎదుట ఆట నడిపి చూపనిదే సొమ్ము ఇవ్వకండి. జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. అని పేరు మార్చుకొని తిరిగే ముసలి కార్డులు కూడా లోకంలో ఉన్నవి.

ఉపకరణాలను గూర్చి ఎక్కువ చెప్పను. గేమింగ్ కుర్చీ కొనవద్దు. నడుమును నిలిపే పాత ఆఫీసు కుర్చీ చాలు. మౌసు మంచిది కొనండి. చప్పుడు చేసే మెకానికల్ కీబోర్డు కన్న, అదే గదిలో నిద్రించే అమ్మ కొరకు చప్పుడు లేని కీబోర్డూ, ఒక హెడ్‌ఫోనూ అవసరం. మానిటరు 144 హెర్ట్జ్‌ది కొని, సెట్టింగులలో 60 మీదనే వదిలివేసిన మిత్రుడు నాకు ఒకడున్నాడు. మరొకడు కేబులును కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించి, కార్డు పనిచేయలేదని నెలరోజులు చింతించినాడు.

ఇక కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. 1967లో ఈ.సి.ఐ.ఎల్. స్థాపించబడి, దేశంలోనే తొలినాటి కంప్యూటర్లను తయారుచేసిన నగరం మనది. అటువంటి నగరంలో కంప్యూటరు పట్టా పుచ్చుకొనే విద్యార్థి ఒక్కసారైనా పెట్టె మూత విప్పి చూడకుండానే బయటికి వెళ్తున్నాడు. ప్రయోగశాలలోని పెట్టెలకు ముద్రలు వేసి ఉంచుట వాటి రక్షణ కొరకేనని ఎరుగుదును. అయినను 2025 అక్టోబరులో విండోస్ 10కు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు ముగియుటతో ఎన్నో పాత యంత్రాలు ప్రక్కకు తప్పవలసి వచ్చింది. అట్టివాటిని ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం అధీకృత సంస్థకు అప్పగించుటకు ముందు, ఒక్క పక్షంరోజులు మాకు ఇప్పించండి. విప్పి, తుడిచి, మరల బిగించి, ఎన్ని ముక్కలు తీసుకొన్నామో అన్నీ లెక్కగా అప్పగిస్తాము. కావలసినది ఒక పొడుగాటి బల్ల, రెండు స్క్రూడ్రైవర్లు, శనివారం మధ్యాహ్నం వచ్చి కూర్చొనే ఒక అధ్యాపకులు. చూచుటకు మొదటి వస్తువుగా మా తమ్ముని ఎస్.ఎం.పి.ఎస్.ను నేను ఇవ్వగలను. లేబులు ఇంకా చెడలేదు.